గొంతులో ఆ విరుపు

ప్రశ్న: అమెరికా గాయని షేర్ పాడిన ‘బిలీవ్’ పాటలో గొంతు మధ్యమధ్య యంత్రంలా విరిగినట్లు వినిపిస్తుంది. అది కావాలని చేసిందేనా? – ఒక పాఠకురాలు

జవాబు: కావాలని చేసిందేనండీ. శ్రుతి తప్పిన గొంతును గుట్టుగా సరిదిద్దడానికి పుట్టిన ఆటో-ట్యూన్ సాఫ్ట్‌వేర్‌ను, 1998లో ఆ పాట నిర్మాతలు మార్క్ టేలర్, బ్రయన్ రాలింగ్ దిద్దుబాటు వేగం చివరంటా పెంచి వాడారు. దాంతో గొంతు ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారకుండా, మెట్టు మీద అడుగు వేసినట్లు ఠక్కున మారుతుంది. గమకాలకు అలవాటుపడిన మన చెవికి ఆ తేడా ఇట్టే దొరికిపోతుంది. రికార్డు కంపెనీ దాన్ని తీసేయమన్నా షేర్ ససేమిరా అన్నారు. కిటుకు బయటపడకూడదని కాబోలు, నిర్మాతలు మొదట్లో అది వోకోడర్ (గొంతును యంత్రం మాట్లాడినట్లు మార్చే పరికరం) అని చెప్పుకొచ్చారు. పాట బ్రిటన్‌లో 7 వారాలు, అమెరికాలో 4 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. అప్పటికి షేర్ వయసు 52.