పాపకు హెచ్‌ఐవీ లేదన్నారు.. మాటలెందుకు రావడం లేదు?

ప్రశ్న: నేను హెచ్‌ఐవీ పాజిటివ్. గర్భం రాకముందు నుంచే హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు వాడుతున్నాను. పాప నెల ముందే, 2.1 కిలోల బరువుతో పుట్టింది. తల్లిపాలు మాన్పించి ఆరు నెలలైంది. 18 నెలలు నిండాక చేసిన పరీక్షలోనూ నెగెటివ్ వచ్చింది. ఇప్పుడు 20 నెలలు. చక్కగా నడుస్తోంది గానీ ‘అమ్మ’, ‘తాత’ తప్ప మాటలు లేవు. ‘మీ ఆయనకూ మూడేళ్లదాకా మాటలు రాలేదు, కంగారెందుకు’ అంటారు మా అత్తగారు. నా మందుల వల్లే ఇలా అయిందా? డాక్టరుకు నా సంగతి చెప్పాలా? - ఓ సోదరి

జవాబు: ముందు ఆ అపరాధ భావన వదిలేయండమ్మా. ఏ మందులూ, జాగ్రత్తలూ లేకపోతే హెచ్‌ఐవీ ఉన్న తల్లుల నుంచి నూటికి 15 నుంచి 45 మంది పిల్లలకు అది సోకుతుంది. మీ పాపకు సోకలేదంటే మీరు మానకుండా వేసుకున్న ఆ మాత్రల పుణ్యమే. వాటిని ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపొద్దు.

అయితే నెగెటివ్ రిపోర్టు చేతికి రాగానే చాలా కుటుంబాలు ఫాలోఅప్ మానేస్తాయి. నన్ను బాధపెట్టేది అదే. దక్షిణాఫ్రికాలో డ్రేకెన్‌స్టైన్ అధ్యయనంలో, హెచ్‌ఐవీ ఉన్న తల్లులకు పుట్టి, తమకు అది సోకని పిల్లల్లో రెండేళ్ల వయసుకు మాటల ఆలస్యం మిగతావాళ్లకంటే ఎక్కువగా కనిపించింది. ఎక్కువమంది పిల్లలు మామూలుగానే ఎదుగుతారు. వెనకబడే పిల్లల్లో కూడా కారణం ఒక్కటే ఉండదు. నెలలు నిండకపోవడం, తక్కువ బరువు, రక్తహీనత, తల్లి మనసులోని దిగులు, ఇంట్లో ఒత్తిడి అన్నీ కలుస్తాయి. మీ పాప విషయంలో మొదటి రెండూ ఉన్నాయి.

నెల ముందు పుట్టింది కాబట్టి రెండేళ్లు వచ్చేదాకా ఆ నెల తీసేసి లెక్కేయాలి. అంటే 19 నెలలు. ఆ లెక్కన చూసినా అమ్మ, తాత కాకుండా కనీసం మూడు మాటలైనా రావాలి. మీ అత్తగారు చెప్పినట్టు కొందరు ఆలస్యంగా మాట్లాడి తర్వాత అందుకుంటారు, నిజమే. కానీ ఎవరు అందుకుంటారో ఇంట్లో చూసి చెప్పలేం. మూడేళ్ల దాకా ఆగకండి, ఈ నెలలోనే పిల్లల డాక్టరు దగ్గర డెవలప్‌మెంటల్ స్క్రీనింగ్ (వయసుకు తగ్గట్టు ఎదుగుతోందో లేదో చూసే పరీక్ష) చేయించండి.

ఇందులో సూదీ ఉండదు, స్కానూ ఉండదు. పాప ఏమేం చేస్తోందో మిమ్మల్ని అడుగుతారు. చిన్న చెక్క దిమ్మలిచ్చి ఒకదాని మీద ఒకటి పేర్చమంటారు, బొమ్మల్లో కుక్క ఏదో చూపించమంటారు, క్రేయాన్ చేతికిచ్చి గీతలు గీస్తుందేమో చూస్తారు. దీంతోపాటు వినికిడి పరీక్ష తప్పనిసరి. పుట్టినప్పుడు చేసిన పరీక్షలో బాగానే ఉన్నా సరే, చెవిలో నీరు చేరితే తర్వాత వినికిడి తగ్గొచ్చు.

వెళ్లేలోపు ఇంట్లో గమనించి పెట్టుకోండి. మీరు చేత్తో సైగ చేయకుండా ‘బంతి తీసుకురా’ అంటే తెస్తోందా? కావలసినదాన్ని వేలితో చూపిస్తోందా? పేరు పిలిస్తే తిరిగి చూస్తోందా? ఈ మూడూ చేస్తుంటే ఆశాజనకమే, మాట అర్థమవుతోందన్నమాట. చేయకపోతే ఆ సంగతి డాక్టరుకు మొదటే చెప్పండి. ఫోన్లో, టీవీలో పాటలు పెట్టడం కాదు, ఎదురుగా కూర్చుని స్నానం చేయించేటప్పుడు, అన్నం పెట్టేటప్పుడు చేస్తున్న పనినే మాటల్లో చెప్పండి. తను ఏ శబ్దం చేసినా బదులివ్వండి.

మీ హెచ్‌ఐవీ సంగతి డాక్టరుకు చెబితేనే మంచిది. గోప్యంగా ఉంచమని అడగండి, అది మీ హక్కు. అత్తగారి ఎదుట చెప్పలేకపోతే విడిగా మాట్లాడతానని చెప్పండి. ఇప్పుడే చెప్పే ధైర్యం లేకపోయినా వెళ్లడం మాత్రం ఆపొద్దు. నెల ముందు పుట్టడం, మాటలు రాకపోవడం చెప్పినా చాలు, స్క్రీనింగ్ చేస్తారు.

ఇప్పుడు అంతా బాగుందన్నా, 30 నెలలప్పుడు మళ్లీ చేయించండి. ఈలోగా వచ్చిన మాటలు పోయినా, నడకలో తేడా కనిపించినా వెంటనే తీసుకెళ్లండి. మీకు నిద్ర పట్టకపోయినా, ఊరికే ఏడుపొస్తున్నా ఆ మాట కూడా మీ డాక్టరుకు చెప్పండి. దానికీ చికిత్స ఉంది.