ఇంటిపేరు చూసి వరస కలపకండి, ఇంట్లో పెద్దావిడని అడగండి

ఒడిశాలోని గుణుపురం నుంచి ఒకాయన మీకు ఫోన్ చేసి "మీ తాతగారూ మా తాతగారూ అన్నదమ్ములు, ఇంటిపేరు కూడా ఒకటే" అన్నారు, ఆయన నాకేమవుతారు, ఎలా తేల్చుకోవాలి అని మీరు అడిగారు కదా. ఆయన చెప్పింది నిజమైతే లెక్క సులువు. తాతలు అన్నదమ్ములైతే తండ్రులు అన్నదమ్ములు, మీరిద్దరూ అన్నదమ్ములు. వయసులో పెద్దయితే అన్నయ్య అని పిలవండి, అంతే. కానీ మాదీ ఒడిశాలోనే, పర్లాకిమిడి. ఆ "నిజమైతే" దగ్గరే మా చెల్లెలి పెళ్ళి ఆగిపోబోయింది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మా చెల్లెలికి గుణుపురం సంబంధం వచ్చింది. మంచి కుటుంబం, అబ్బాయికి రాయగడలో ఉద్యోగం. మాటలు అయిపోయాయి, తాంబూలాలకి రోజు చూస్తున్నాం. అప్పుడు విశాఖపట్నంలో ఉండే మాకు పెదనాన్న వరస ఆయన ఒకరు దిగారు. చేతిలో వంశవృక్షం. ఫ్లెక్సీ షాపులో ప్రింటు వేయించి, గుడ్డలా చుట్టి తెచ్చారు. హాల్లో చాప మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు స్టీలు గ్లాసులు పెట్టి, వేలు పెట్టి చూపించారు. మా ముత్తాత పేరు. పక్కనే గీతతో కలిపి ఆయన తమ్ముడి పేరు. ఆ తమ్ముడి కూతురే పెళ్ళికొడుకు అమ్మమ్మ. "అంటే మీ తాతకి ఆవిడ చెల్లెలు. అబ్బాయి మీ పిల్లకి అన్న వరస. ఎలా చేస్తారు ఈ పెళ్ళి?" అన్నారు. హాలు మొత్తం చల్లబడిపోయింది. అమ్మ వంటింట్లోకి వెళ్ళి బయటికి రాలేదు. నాన్న టెన్షన్‌తో గుమ్మం దగ్గరే నిలబడిపోయారు.

ఆయన లెక్కలో తప్పేమీ లేదు, అది ఒప్పుకోవాలి. ఆవిడ మా తాతకి చెల్లెలయితే నాన్నకి మేనత్త. మేనత్త కూతురు నాన్నకి మరదలు. నాన్నకి మరదలంటే మాకు పిన్ని వరస. పిన్ని కొడుకు అన్నో తమ్ముడో అవుతాడు. మన వరసల్లో ఎంత దూరమైనా ఈ లెక్క పట్టు వదలదు. ఎన్ని తరాలు గడిచినా అన్న అన్నే, బావ బావే.

నాన్నమ్మ గది లోపల మంచం మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఆవిడకి చదువు రాదు, ఆ ఫ్లెక్సీ వంక చూడను కూడా చూడలేదు. చేట పక్కన పెట్టి అడిగింది. "ఏటిరా ఆ గొడవ? బుల్లప్ప మనవడి గురించే కదా? నేను ఆవిణ్ణి అప్పా అప్పా అని పిలిచీదాన్ని. మీ తాతకి చెల్లెలయితే నాకు ఆడబిడ్డ కావాల. ఆడబిడ్డని ఎవులైనా అప్పా అని పిలుస్తారేటి?"

అంతే. ఆ ఒక్క మాటతో లెక్క మొత్తం తిరగబడింది. మొగుడి చెల్లెల్ని వదినా అని పిలుస్తారు. మొగుడికి మరదలో వదినో అయ్యే మనిషినైతే అక్క వరసతో పిలుస్తారు, మా వైపు అప్ప అంటాం. నాన్నమ్మ అప్పా అని పిలిచిందంటే ఆవిడ తాతకి చెల్లెలు కాదు, మరదలు. అప్పుడు ఆవిడ నాన్నకి పెద్దమ్మ. పెద్దమ్మ కూతురు నాన్నకి చెల్లెలు, మాకు మేనత్త. మేనత్త కొడుకు మా చెల్లికి బావ. ఇంతకన్నా మంచి సంబంధం ఎక్కడ దొరుకుతుంది!

మరి ఫ్లెక్సీలో ఆ తమ్ముడెవరు? అదీ నాన్నమ్మే చెప్పింది. ఆయన ముత్తాతకి తమ్ముడు కాదు, బావమరిది. ముత్తాత చెల్లెల్ని ఇచ్చి ఇంట్లోనే ఉంచుకున్నారు. తల్లీ తండ్రీ లేని పిల్లాడు కావడంతో ఇల్లరికంలా ఉండిపోయాడు. భూమి కాగితాల్లో ఇద్దరి పేర్లూ ఒకే ఇంటిపేరు కింద ఎక్కాయి, ఆయన పిల్లలకి స్కూల్లో కూడా మా ఇంటిపేరే రాయించారు. తర్వాత ఎవరో ఆ కాగితాలు చూసి వంశవృక్షం గీశారు. కాగితంలో ఇద్దరు మగవాళ్ళు, ఒకే ఇంటిపేరు, ఒకే ఊరు. అన్నదమ్ములనే అనుకుంటారు మరి. ఆ ఇద్దర్నీ కలిపిన ఆడమనిషి, మా ముత్తాత చెల్లెలు, ఆ వృక్షంలో ఎక్కడా లేదు. ఆవిడ పేరు ఒక్కటి రాసి ఉంటే ఈ గొడవే రాదు.

అయినా పెదనాన్న ఒప్పుకోలేదు. ముసలావిడ జ్ఞాపకం ఏం సాక్ష్యం అన్నారు. అప్పుడు నాన్న బరంపురం ఫోన్ చేశారు, పెళ్ళికొడుకు అమ్మమ్మ పుట్టింటివాళ్ళకి. తద్దినంలో అయ్యగారు ఏ గోత్రం చెప్పిస్తారు అని అడిగారు. వాళ్ళు చెప్పిన గోత్రం మాది కాదు. ఇంటిపేరు మాదే, గోత్రం మాత్రం వేరు. ఇల్లరికం వెళ్ళిన మనిషి ఊరు మారుతుంది, కాగితాల్లో ఇంటిపేరు కూడా మారుతుంది, పిండం పెట్టేటప్పుడు చెప్పే గోత్రం మారదు. దత్తత అయితే అదీ మారుతుంది, కాబట్టి దత్తత ఏమైనా జరిగిందా అని కూడా అడిగి తీరాలి. పెదనాన్న ఫ్లెక్సీ చుట్టేశారు. తాంబూలాలు అనుకున్న రోజే మార్చుకున్నాం.

అప్పటినుంచి నాది ఒకటే మాట. మన వంశవృక్షాలు సగమే వృక్షాలు. కొడుకుల పేర్లు రాస్తారు, కోడళ్ళ పేర్లు ఎప్పుడైనా రాస్తారు, ఇచ్చేసిన ఆడపిల్లల పేర్లు అసలు రాయరు. కానీ దూరపు చుట్టరికం అంతా కలిసేది ఆ ఆడపిల్లల దగ్గరే కదా! పక్క ఊళ్ళో ఉన్న జ్ఞాతుల్ని ఎవరూ మర్చిపోరు, మైల వచ్చినప్పుడైనా గుర్తొస్తారు. మర్చిపోయేది పిల్లనిచ్చిన ఊళ్ళని. ఈ మధ్య వచ్చిన వంశవృక్షం యాప్‌లు ఇంకో బాధ. మేనత్త కొడుకూ పెదనాన్న కొడుకూ ఇద్దరూ వాటికి కజినే. పెళ్ళి చేసుకోదగ్గ మనిషినీ చేసుకోకూడని మనిషినీ ఒకే గడిలో పెట్టే యాప్ మనకెందుకు?

సరిహద్దు జిల్లాల్లో ఉన్నవాళ్ళకి ఇంకో చిక్కు ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా పర్లాకిమిడి, బరంపురం, టెక్కలి వైపంతా మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా. ఆ రోజు పర్లాకిమిడి ఒరిస్సాకి వెళ్ళింది, పక్కనే ఉన్న పాతపట్నం, టెక్కలి మద్రాసులోనే ఉండి విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. 1950లో వాటిని తీసి శ్రీకాకుళం జిల్లా చేశారు. ఇటువైపు 1992లో గంజాం నుంచి గజపతి జిల్లా వేరుపడింది. ముత్తాత దస్తావేజులో గంజాం జిల్లా అని కనిపిస్తే ఆయనది బరంపురం వైపు అని అనుకోకండి, టెక్కలి పక్క పల్లె అయినా కావచ్చు. ఊరి పేరు చూడాలి గానీ జిల్లా పేరు కాదు.

మా వాళ్ళ సంబంధాలు గుణుపురం దాకా పాకడానికి కారణం, నా లెక్కలో, రైలే. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు వచ్చింది, 1931కల్లా గుణుపురం దాకా వేశారు. రైలు వెళ్ళిన ఊరికల్లా మా ఆడపిల్లలు వెళ్ళారు. మా ఇంట్లో పెద్ద పెళ్ళిళ్ళన్నీ చూస్తే సగం ఆ లైను మీద ఊళ్ళే.

ఇంక పేర్లు. ఒడిశా స్కూళ్ళలో పేరు చివర ఏది ఉంటే అదే ఇంటిపేరుగా ఎక్కుతుంది. మన ఇంటిపేరు ముందుంటుంది కదా, దాన్ని పొడి అక్షరం చేసి, చివరి "రావు"ని ఇంటిపేరు చేసేశారు. అన్న పిల్లలు పాతపట్నంలో ఇంటిపేరుతో ఉన్నారు, తమ్ముడి పిల్లలు బరంపురంలో ఉత్త రావులయ్యారు. సొంత అన్నదమ్ముల పిల్లలే కాగితం మీద చుట్టాలు కారు, మా ఇల్లరికపు అల్లుడి పిల్లలు మాత్రం కాగితం మీద మా జ్ఞాతులు. ఇంటిపేరుని నమ్మొద్దని నేను అనేది ఇందుకే. సొంత పేర్లయినా అంతే. శ్రీకూర్మం పేరు మీద కూర్మారావు, శ్రీముఖలింగం పేరు మీద ముఖలింగం, అరసవల్లి పేరు మీద సూర్యనారాయణ, పూరీ పేరు మీద జగన్నాథం. తాత పేరు మనవడికి పెట్టడం వల్ల ఒకే ఇంట్లో ఇవే పేర్లు తిరుగుతుంటాయి. పేరుతో పాటు భార్య పేరు అడగకపోతే ఏ తరం జగన్నాథమో తెలియదు.

బరంపురంలో పెరిగిన మా పిల్లలకి ఇంకో ఇబ్బంది. వాళ్ళ ఒడియా స్నేహితుల ఇళ్ళలో మేనత్త కొడుకన్నా అన్నే. బావని చేసుకుంటున్నాను అంటే వాళ్ళకి వింతగా ఉంటుంది, మన పిల్లలు సిగ్గుపడతారు. సిగ్గు అక్కర్లేదు. 1955 హిందూ వివాహ చట్టం తననుంచి లెక్కపెట్టి తల్లి వైపు మూడు తరాలు, తండ్రి వైపు ఐదు తరాల లోపు కలిసేవాళ్ళని సపిండులు, అంటే పెళ్ళి చేసుకోకూడనంత దగ్గరివాళ్ళు, అంటుంది, ఆచారం ఉన్నచోట మినహాయింపు కూడా ఇచ్చింది. మా చెల్లెలి విషయంలో రెండు వైపులా కలిసే పెద్దాయన, అంటే మా ముత్తాత నాన్న, అబ్బాయికి తల్లి వైపు ఐదో తరం. చట్టానికి కూడా అడ్డేమీ లేదు.

ఇప్పుడు మీ గుణుపురం ఆయన సంగతి. ఇంటిపేరు ఒకటే అని ఊరుకోకండి. ఆయన్ని ముందు గోత్రం అడగండి. తర్వాత వాళ్ళింట్లో బతికి ఉన్న పెద్ద ఆడమనిషి ఎవరో కనుక్కుని ఆవిడతో నేరుగా మాట్లాడండి, మధ్యలో మగవాళ్ళని పెట్టుకోవద్దు. "ఏమవుతారు" అని అడిగితే అందరూ "మనవాళ్ళే బాబూ" అంటారు, దానివల్ల లాభం లేదు. "మీ ఇంట్లో నాన్నమ్మగారు మా తాతని ఏమని పిలిచేవారు" అని అడగండి. పిలుపు మనిషికి నోటికి అలవాటైపోతుంది, చుట్టరికం మర్చిపోయినా పిలుపు మర్చిపోరు. బావగారూ అనో మరిదీ అనో పిలిచేవారంటే తాతలిద్దరూ నిజంగానే అన్నదమ్ములు, ఆయన మీకు అన్నయ్యే. అన్నయ్యా అనో తమ్ముడూ అనో పిలిచేవారంటే మాత్రం మా ఇంట్లో లాగే మధ్యలో ఒక ఆడపిల్ల పేరు ఎగిరిపోయింది, ఆయన మీకు బావ.