స్ప్రింగుల తుప్పు గురించి చిన్నబాబుకి

చిరంజీవి చిన్నబాబుకి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన నీ కారు స్ప్రింగుల ఫోటోలు చూశాను. వెనక స్ప్రింగుల గురించి టెన్షన్ పడకు, వాటి మీద పైపైన ఎర్రపొడి తప్ప ఏమీ లేదు. నాకు అనుమానంగా ఉన్నది ముందు ఎడమవైపుదే.

భీమిలి రోడ్డులో ఉంటూ బండిని ఆరుబయట పెడితే తుప్పు పట్టక తప్పదు. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది, రాత్రి తేమ దానికి తోడవుతుంది. స్ప్రింగు మీద ఫ్యాక్టరీలో వేసిన పూత కంకర తగిలి ఎక్కడ లేచిపోతే అక్కడ తుప్పు మొదలవుతుంది. అయితే రంగు మారినంత మాత్రాన స్ప్రింగు పాడైనట్టు కాదు. ఎరుపు కనపడగానే మెకానిక్ నాలుగూ మార్చేద్దాం అంటే వెంటనే తలూపకు.

ముందు నువ్వే చూడు. బండిని చదునైన చోట పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పు. టార్చ్ వేసి చక్రం వెనక నుంచి స్ప్రింగు కింది చుట్టు చూడు. అది గిన్నెలాంటి సీటులో కూర్చుని ఉంటుంది. ఆ గిన్నెలో మట్టి చేరుతుంది, వానకి తడుస్తుంది, పైన ఎండినా అడుగున చెమ్మ ఉండిపోతుంది. స్ప్రింగులు చాలావరకు విరిగేది అక్కడే. పాత టూత్‌బ్రష్‌తో మట్టి కడిగెయ్. ఆరాక వైర్ బ్రష్‌తో మెల్లిగా రుద్ది, వేలిగోటితో తడిమి చూడు. నున్నగా తగిలితే భయం లేదు. పెచ్చులు ఊడి, కింద గోరు దిగేంత గుంటలు తగిలితే మాత్రం అది మార్చాల్సిందే. ముక్క విరిగి ఉన్నా అక్కడే తెలుస్తుంది. స్టీరింగ్ తిప్పుతుంటే టంగుమని మోగడం, బండి ఒక పక్కకి కుంగడం కూడా దానికి గుర్తులే.

అంత లావు కడ్డీకి చిన్న గుంట ఏం చేస్తుందిలే అనుకోకు. స్ప్రింగు నొక్కుకున్నప్పుడల్లా ఆ కడ్డీ మెలి తిరుగుతుంది. ఆ ఒత్తిడి ఎక్కువగా పడేది కడ్డీ నడిమిన కాదు, పైపొర మీద. గుంటలో పుట్టిన పగులు మెల్లిగా లోపలికి పాకి, ఏ స్పీడ్ బ్రేకర్ మీదో టక్కున విరుగుతుంది. విరిగిన కొస టైరుని చీల్చేయగలదు. నువ్వు పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే బండి నాన్నా అది.

గుంటలు లేని వాటికి ఉప్పుకాగితంతో తుప్పు తీసి, జింక్ ప్రైమర్ కొట్టి, పైన నల్ల పెయింట్ వేస్తే చాలు. గ్రైండర్ పెట్టనివ్వకు, దాని గాటు కూడా గుంటతో సమానమే. యాసిడ్‌తో తుప్పు వదిలించొద్దు, ఆ ఉక్కు పెళుసెక్కుతుంది. వెల్డింగ్ అసలే వద్దు, వేడి తగిలితే స్ప్రింగు పదును పోతుంది. కొందరు పాత ఇంజిన్ ఆయిల్ పూస్తారు. అది రబ్బరు బుష్‌లను పాడుచేస్తుంది, బ్రేకు మీద పడితే ఇంకా ప్రమాదం.

మార్చాల్సి వస్తే ముందువైపు రెండూ కలిపే మార్చు. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే బండి సమంగా నిలబడదు. ఛాసిస్ నంబరు చెప్పి నీ మోడల్‌వే తీసుకో. ఆటోనగర్‌లో పాత స్ప్రింగులు చవగ్గా దొరుకుతాయి కానీ, అవి ఏ బండిలో ఎన్నేళ్లు నలిగాయో ఎవరికి తెలుసు? ఎలాగూ విప్పుతారు కాబట్టి స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన భాగం) మౌంటింగ్, బంప్ స్టాప్ (కుదుపుకి అడ్డుపడే మెత్త), స్ప్రింగు రబ్బరు సీట్లు కూడా చూపించు. తర్వాత వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. నీది 2011 మోడల్, 15 ఏళ్లు నిండాక రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి బండి ఎలాగూ చూపించాలి. ఇంకో 5 ఏళ్లు నడపాలనుకుంటున్నావు కాబట్టి ఈ ఖర్చు దండగ కాదు.

ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. వీడియో చూసి స్ట్రట్ నువ్వే విప్పకు. ముందువైపు ఒక్కో స్ప్రింగు 200 కిలోలకు పైగా బరువు మోస్తుంది. స్ట్రట్ బయటికి తీసినా అది లోపల నొక్కుకునే ఉంటుంది. స్ప్రింగుని నొక్కి పట్టే కంప్రెసర్‌తో బిగించకుండా పైనున్న నట్టు తీస్తే తుపాకీ గుండులా ఎగురుతుంది, మొహం పగలడం ఖాయం. మెకానిక్ దగ్గర కూడా కంప్రెసర్ ఉందా అని అడిగి, కంటితో చూశాకే బండి అప్పగించు. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరకు, స్టాండ్లు పెట్టించు.

కొత్తవి వేశాక వారానికోసారి మంచినీళ్లతో బండి అడుగుభాగం, ముఖ్యంగా ఆ స్ప్రింగు సీట్లు కడుగుతూ ఉండు.

ఆదివారం కింది చుట్టు శుభ్రం చేసి దగ్గరగా ఫోటో తీసి పంపు. గోరు దిగిందో లేదో కూడా రాయి. అది తేలేదాకా అరకు ఘాట్ ప్రయాణం పెట్టుకోవద్దు.

మీ పెదనాన్న