ఎక్స్‌మెన్ అవెంజర్స్‌తోని ఎందుకు కలువలే?

దేవరకొండ నుంచి వచ్చిన ప్రశ్న: ఎక్స్‌మెన్ కూడా మార్వెల్ కామిక్స్ కంపెనీ హీరోలే కదా, అదే కంపెనీ హీరోల గుంపు అవెంజర్స్ సినిమాల్ల ఎందుకు లేరు? మార్వెల్‌కు పోటీ కంపెనీ డీసీ సినిమాలు ఎక్కడ మొదలుపెట్టాలె?

అంతా హక్కుల పంచాయితీ. 1990లల్ల మార్వెల్ సినిమా హక్కులను విడివిడిగ అమ్ముకున్నది: ఎక్స్‌మెన్ ఫాక్స్ స్టూడియోకు, స్పైడర్‌మ్యాన్ సోనీ స్టూడియోకు. డిస్నీ 2009ల మార్వెల్‌ను కొన్నా ఆ ఒప్పందాలు అట్లనే ఉన్నయి. 2019ల ఫాక్స్ స్టూడియోను కూడా కొన్నంకనే ఎక్స్‌మెన్ ఇంటికొచ్చిన్రు. స్పైడర్‌మ్యాన్ సినిమా హక్కులు ఇంకా సోనీయే. 2015ల సోనీకి, మార్వెల్‌కు పొత్తు కుదిరితేనే 2016 మార్వెల్ సినిమా 'సివిల్ వార్'ల కనవడ్డడు. స్పైడర్‌మ్యాన్ కథల విలన్ వెనమ్ సినిమాలు సోనీయే, వాటిల్ల అవెంజర్స్ కోసం వెతకకుర్రి.

డీసీకి ఈ గోస లేదు, అంతా వార్నర్ స్టూడియో చేతిలనే. 2013ల మొదలైన సినిమాల వరుసను వదిలేసి 2025 'సూపర్‌మ్యాన్'తోని కొత్తగ షురూ చేసిన్రు, అదే చూడుర్రి. డీసీ హీరో ఫ్లాష్ టీవీ సీరియల్ వేరే లోకం, సినిమాల ఫ్లాష్ నటుడే వేరు.