గదిలో పెట్టి గొళ్ళెం వేస్తే కల్లు మానదు

ప్రశ్న: మాది నాగర్‌కర్నూల్ దగ్గర పల్లె. మా తమ్ముడు (24) ఆడపిల్లలా బతుకుతనని ఐదేండ్ల కింద ఇల్లు విడిచిపోయి, మొన్ననే తిరిగొచ్చిండు. రోజూ కాంపౌండ్‌కు పోయి ఐదారు సీసాల కల్లు తాగుతడు. తాగకుంటే చేతులు వణుకుతయి, నిద్ర పట్టదు. గదిలో పెట్టి గొళ్ళెం వేస్తె మానుతడని, జుట్టు కత్తిరించి పెండ్లి చేస్తె రెండూ పోతయని నాయిన అంటుండు. ఏం చేయాలె?
— ఒక అక్క

జవాబు: ముందు ఆ గది మాట మాన్పించండమ్మా, అది ప్రాణాల మీదికి తెస్తుంది. మీ వైపు చాలా కాంపౌండ్లలో కల్లు పేరుతో అమ్మేదాంట్లో అల్ప్రాజోలం, డైజీపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. రోజూ తాగేవాళ్ళ మెదడు వాటికి అలవాటుపడుతుంది. ఒక్కసారిగా ఆపితే సాధారణంగా మూడు రోజుల్లోపే వణుకు, చెమటలు, లేనివి కనబడటం, ఫిట్స్ మొదలవుతాయి. అది మొండితనం కాదు. 2015లో కల్తీ కల్లుకు అడ్డుకట్ట వేసినప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఎందరో ఇలా ఆసుపత్రి పాలయ్యారు.

డాక్టరుకు చూపించేదాకా ఉన్నపళంగా ఆపించకండి, పెంచనూ వద్దు. ఎన్ని సీసాలు, ఏ వేళకు, చివరిది ఎప్పుడు, ఏయే మాత్రలు వేసుకుంటున్నారు, ఇదివరకు ఫిట్స్ వచ్చాయా అన్నవన్నీ రాసుకుని మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీకి తీసుకెళ్ళండి. లేదంటే హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి. అక్కడ కల్లులోని మందుకు బదులు ఎక్కువసేపు పనిచేసే మాత్ర ఇచ్చి, వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే: పది రోజులకు నిద్ర కుదరగానే మాత్రలు ఆపేస్తారు, వణుకు మళ్ళీ వస్తుంది, కాళ్ళు కాంపౌండ్ దారి పడతాయి. ఊళ్ళో ఆర్ఎంపీ చేత గ్లూకోజు ఎక్కించకండి. తిండి లేక తాగిన ఒంటికి ముందు విటమిన్ బి1 పడాలి, లేకుంటే మెదడుకే దెబ్బ.

ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. నోట్లో ఏమీ పెట్టొద్దు, చేతిలో తాళాలూ పెట్టొద్దు.

ఇక జుట్టు, పెండ్లి సంగతి. ఆడమనిషిగా ఉండటం జబ్బు కాదు, దానికి మందూ లేదు. కాబట్టి ఇకమీద మీ చెల్లెలనే అంటాను. ఆమెను 'మార్చే' చికిత్స చేయడం డాక్టర్లకు వృత్తిపరమైన తప్పని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. 'మగవాడిగా ఉంటేనే మాన్పిస్తాం' అంటే ఆమె ఆసుపత్రి మెట్లే ఎక్కదు. ఓపీ చీటీ రాయించేటప్పుడే ఆమె పిలిపించుకునే పేరు చెప్పండి. చేర్చుకోవాల్సి వస్తే ఏ వార్డు కావాలో ఆమెనే అడగమనండి. స్త్రీత్వం కోసం మెడికల్ షాపులో గర్భనిరోధక మాత్రలు కొని మింగుతుంటే అదీ దాచొద్దు. అవి వాడుతూ పొగ తాగితే రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. లివర్ పరీక్ష కూడా చేయించాలి.

మానిన కొన్నాళ్ళకు మళ్ళీ తాగాలనిపిస్తే పాత లెక్కన ఐదు సీసాలు తాగడం చాలా ప్రమాదం. అలవాటు తప్పిన ఒళ్ళు తట్టుకోలేక ఊపిరి ఆగిపోవచ్చు. ఈ మాట ఆమెకు ముందే చెప్పి ఉంచండి. వెళ్ళేలోపు మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో వింటారు, డబ్బులు పడవు. మీ నాయననూ ఓపీకి వెంట తీసుకెళ్ళండి. గొళ్ళెం వేస్తే ఏమవుతుందో డాక్టరు నోటనే విననీయండి.