కుడికాలు లేకపోతే కారు లైసెన్సు ఎలా? స్టిక్కర్ ఉంటే ఎక్కడైనా ఆపొచ్చా?

మీరు అడిగినవి రెండు. యాక్సిడెంట్‌లో తమ్ముడికి కుడికాలు మోకాలి కింద తీసేశారు, అంతకుముందు తీసుకున్న కారు లైసెన్సుకు ఇంకా గడువు ఉంది, దాంతోనే గుంటూరులో నడపొచ్చా అని ఒకటి. వీల్‌చైర్ స్టిక్కర్ అంటించుకుంటే ఎక్కడైనా ఆపుకోవచ్చా అని ఇంకొకటి.

పాత లైసెన్సుతో నడపనివ్వకండి. గడువు ఉండటం వేరు, చెల్లడం వేరు. లైసెన్సు ఇచ్చాక మనిషికి వైకల్యం వస్తే దాన్ని రద్దు చేయడానికి, లేదా మెడికల్ సర్టిఫికెట్ తెమ్మనడానికి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 16 కింద ఆర్టీఓకు అధికారం ఉంది. రోడ్డు మీద కానిస్టేబుల్ మీ తమ్ముడి కాలు చూడడు, నిజమే. కానీ రేపు ఏదైనా గుద్దుకుని క్లెయిమ్ పెడితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట అడిగేది లైసెన్సే.

నాది విజయవాడ. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు చచ్చుబడిపోయింది, క్యాలిపర్ (కాలికి ఆసరాగా బిగించే పట్టీ) వేసుకుని నడుస్తాను. చాలాకాలం సైడ్ వీల్స్ స్కూటీ మీద తిరిగాను, ఇప్పుడు ఆటోమేటిక్ కారు నడుపుతున్నాను. ఇద్దరిదీ కాలి సమస్యే అయినా కారెక్కేసరికి లెక్క మారిపోతుంది. ఎడమకాలితో పని క్లచ్‌కే కాబట్టి క్లచ్ లేని కారు కొనుక్కుంటే నాకు సరిపోయింది, ఒక్క నట్టు కూడా మార్పించలేదు. బ్రేకు, యాక్సిలరేటర్ రెండూ ఉండేది కుడికాలి కింద. మీ తమ్ముడికి లేనిది ఆ కాలే. కృత్రిమ కాలుతో తొక్కుతానంటాడేమో. ఎంత నొక్కుతున్నామో ఆ పాదానికి తెలియదు, ట్రాఫిక్‌లో అది ప్రమాదం. ఆ మాట తేల్చాల్సింది ఎముకల డాక్టరు, మెకానిక్ కాదు.

మార్గాలు రెండున్నాయి. ఒకటి, యాక్సిలరేటర్ పెడల్‌ని ఎడమకాలి వైపుకి మార్చే కిట్. రెండోది హ్యాండ్ కంట్రోల్: స్టీరింగ్ కింద ఒక రాడ్ ఉంటుంది, ముందుకు నెడితే బ్రేకు, వెనక్కి లాగితే యాక్సిలరేటర్. ఒక చెయ్యి ఎప్పుడూ రాడ్ మీదే ఉంటుంది కాబట్టి రెండో చేత్తో తిప్పడానికి స్టీరింగ్‌కి ఒక నాబ్ కూడా బిగిస్తారు. నా స్నేహితుడొకరికి రెండు కాళ్లూ పనిచేయవు, హ్యాండ్ కంట్రోల్‌తోనే బెంజి సర్కిల్ దాటించేస్తాడు. పక్కన కూర్చుని చూస్తే మనకే టెన్షన్, అతనికేమీ ఉండదు. ఏది పెట్టించినా ఆటోమేటిక్ కారు అయితే బతుకు తేలిక. కిట్ కొనేటప్పుడు పుణెలోని ఏఆర్ఏఐ (వాహనాలను పరీక్షించే సంస్థ) ఆమోదం ఉందా అని అడగండి, ఆ కాగితం చేతికి తీసుకోండి. వెల్డింగ్ షాపులో సగం ధరకే చేసిస్తామంటారు. అలా చేయించిన బండిని ఆర్సీలోకి ఎక్కించలేరు.

ఆర్సీ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఆగిపోయేది అక్కడే. బండిలో ఇలాంటి మార్పు చేయాలంటే సెక్షన్ 52 కింద ముందుగా ఆర్టీఓ అనుమతి ఉండాలి, చేయించాక బండి చూపించి ఆర్సీలో రాయించుకోవాలి. 1988 చట్టంలో మొదట వికలాంగుల వాహనం అంటే ప్రత్యేకంగా తయారుచేసినదే, మామూలు బండికి మార్పులు చేయిస్తే చాలదు అని ఉండేది. షోరూమ్ కారుకి కిట్ బిగించుకున్నవాళ్లు ఆ లెక్కలోకి వచ్చేవాళ్లే కాదు. 2019 సవరణతో ‘అడాప్టెడ్ వెహికల్’ అని పెట్టి, మార్పులు చేయించిన బండిని కూడా అందులో చేర్చారు. కౌంటర్‌లో ఎవరైనా పాత మాట చెబితే ఈ సవరణ సంగతి మర్యాదగా గుర్తుచేయండి. రిజిస్ట్రేషన్ ఫారం 20లో 2020 నుంచి యజమాని వివరాల దగ్గర దివ్యాంగజన్ అనే వర్గం కూడా ఉంది. కొత్త కారు కొంటుంటే షోరూమ్ వాళ్లు కాగితాలు పంపకముందే ఆ మాట చెప్పాలి. తర్వాత మార్పించాలంటే ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరగాలి, మనకేమో ఉన్నదే ఒక్క కాలు!

ఇక లైసెన్సు. తమ్ముడు మొత్తం మొదటినుంచి మొదలుపెట్టక్కర్లేదు. ఉన్న లైసెన్సుకి ఇంకో తరగతి వాహనం చేర్చుకునే వీలు సెక్షన్ 11లో ఉంది. లైసెన్సుల ఆన్‌లైన్ సైటు సారథి పోర్టల్‌లో అడాప్టెడ్ వెహికల్ ఎంచుకుని దరఖాస్తు చేసి ఎల్ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్సు) తీసుకోవాలి. అది ఆరు నెలలు చెల్లుతుంది, నెల గడిచాక టెస్టుకు వెళ్లొచ్చు. సదరం సర్టిఫికెట్ (రాష్ట్రం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం) గానీ యూడీఐడీ కార్డు (కేంద్రం ఇచ్చే వికలాంగుల గుర్తింపు కార్డు) గానీ దగ్గరుండాలి. వాటితోపాటు ఫారం 1ఏలో డాక్టరు ఫిట్‌నెస్ సర్టిఫికెట్. సదరం వైకల్యం ఎంతో చెబుతుంది, నడపగలడా లేదా అన్నది చెప్పదు. ‘చేతి కంట్రోల్ ఉన్న వాహనం నడపగలడు’ అన్నట్టు డాక్టరు స్పష్టంగా రాస్తే సగం పని అయినట్టే.

టెస్టుకి మన బండే తీసుకెళ్లాలి. అందుకే కారు పని ముందు, టెస్టు తర్వాత. నా టెస్టు రోజున బ్రేక్ ఇన్‌స్పెక్టర్ క్యాలిపర్ వంక ఒకసారి చూసి, పక్క సీట్లో కూర్చుని, కొంచెం స్పీడందుకోగానే ‘ఆపు’ అన్నారు. బండి ఉన్నచోటే ఆగింది. ఆయనకి కావాల్సింది అదే. రివర్స్, గట్టు మీద ఆపి మళ్లీ కదిలించడం అందరికీ ఉన్నవే.

ఏజెంట్లు ఒక సలహా ఇస్తారు: ‘కాలు సంగతి చెప్పకండి సార్, మామూలుగా లాగించేద్దాం.’ ఫారం 1లో చెయ్యి గానీ పాదం గానీ పోయిందా, కాళ్లూ చేతుల కదలికలో లోపం ఉందా అని సూటిగా ప్రశ్న ఉంటుంది. దాని కింద సంతకం పెట్టేది ఏజెంటు కాదు, మీ తమ్ముడు.

నిజం రాయించుకుంటే డబ్బు కూడా కలిసొస్తుంది. వికలాంగుల కోసం మార్పు చేసి ఆర్సీలో నమోదైన బండికి ఇన్సూరెన్సులో ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో (మన బండికి జరిగే నష్టం కోసం కట్టే భాగం) 50 శాతం తగ్గింపు ఉంది. ఐఎంటీ 12 అనే నిబంధన అది, పాలసీలో రాయమని అడిగితే గానీ వాళ్లంతట వాళ్లు చెప్పరు. జాతీయ రహదారుల టోల్‌లో కూడా ఇలాంటి బళ్లకు మినహాయింపు ఉంది, దానికి వేరే ఫాస్టాగ్‌కి దరఖాస్తు పెట్టుకోవాలి. గుంటూరు నుంచి విజయవాడకు తిరిగేవాళ్లకి కాజా టోల్‌గేటు దగ్గర తేడా తెలుస్తుంది. నా కారులో మార్పులేమీ లేవు, నేను అందరిలాగే కట్టి వెళ్తాను. కారు కొనేటప్పుడు ఆర్థో (కాళ్లూ చేతుల వైకల్యం) సర్టిఫికెట్‌తో మనకు వచ్చే 18 శాతం తగ్గింపు జీఎస్టీ మాత్రం ఇప్పుడు ప్రత్యేకం కాదు, 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లకు అందరికీ అంతే.

స్టిక్కర్ విషయం: అది మనం కొనుక్కుని అంటించుకునేది. నో పార్కింగ్‌లో పెడితే టోయింగ్ వాళ్లు స్టిక్కర్‌తో సహా ఎత్తుకుపోతారు. మనకున్న హక్కు వేరు. వికలాంగుల హక్కుల చట్టం 2016, సెక్షన్ 41 ప్రకారం బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, విమానాశ్రయాల్లో మనకు అనువైన పార్కింగ్ కల్పించడం ప్రభుత్వ బాధ్యత. కేంద్రం ప్రమాణాల ప్రకారం ఆ స్థలం కనీసం 3.6 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు ఉండాలి, ద్వారానికి 30 మీటర్లలోపు ఉండాలి. వెడల్పు ఎందుకో కారు దిగేటప్పుడు తెలుస్తుంది. నేను తలుపు బార్లా తెరిచి, కుడికాలు బయటపెట్టి, ఎడమకాలిని చేత్తో ఎత్తి కింద పెట్టి, మోకాలి దగ్గర లాక్ వేసుకుంటే గానీ లేవలేను. పక్కన ఇంకో కారు ఆనించి పెడితే నేను లోపలే ఉండిపోవాలి.

ఆచరణ సంగతి అడక్కండి. ఒక షాపింగ్ మాల్‌లో వీల్‌చైర్ బొమ్మ వేసిన చోట పూలకుండీలు పెట్టారు. అడిగితే సెక్యూరిటీ అబ్బాయి ‘ఎవరూ రారు కదా సార్’ అన్నాడు. వచ్చానుగా అంటే నవ్వి కుండీలు జరిపాడు. ఇలాంటివి ఫోటో తీసి ముందు మేనేజర్‌కి, కదలకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి పంపొచ్చు. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10 వేల రూపాయల దాకా జరిమానా ఉందని చెబితే చాలాచోట్ల ఫోటో దగ్గరే పని అయిపోతుంది. విజయవాడ బీసెంట్ రోడ్డు, గుంటూరు బ్రాడీపేట లైన్లలో మాత్రం చట్టం చెప్పి లాభం లేదు. నేను పొద్దున్నే షాపులు తెరిచే వేళకి వెళ్తాను, లేదా ఎవరినైనా తోడు తీసుకెళ్లి ముందే దిగిపోతాను.

మీ ఇంట్లో ఉన్న కారు మాన్యువలా, ఆటోమేటిక్కా? ఆర్సీ తమ్ముడి పేరు మీదే ఉందా? ఆ రెండూ రాస్తే, దాన్ని అమ్మేసి వేరేది కొనడం మేలో, కిట్ బిగించడం మేలో చెబుతాను.