కూలిందా, కూల్చారా?

పోయిన సంచికలో ఆమదాలవలస నుంచి వచ్చిన ఒక ప్రశ్న వేసి జవాబు వచ్చే వారం అన్నాం కదా, దానికి తోడు ఇంకో నాలుగు ఉత్తరాలు వచ్చి పడ్డాయి. అందుకే ఈసారి వంటింటి చిట్కాల ప్రశ్నలన్నీ పక్కన పెట్టేశాం, ఏమనుకోకండి.

ప్రశ్న: మా చిన్నోడు ఉద్యోగం మీద పోలండ్‌లోని వార్సా వెళ్ళేడండి. మొన్న వాట్సాప్‌లో ఒక నీలం అద్దాల టవర్ ఫొటో పెట్టి, అమ్మా ఇక్కడ ఒకప్పుడు యూదుల పెద్ద గుడి ఉండేదంట, యుద్ధంలో కూలిపోయిందంట అని రాసేడు. మన బొబ్బిలి కోట పోయినట్టేనా ఏటి? బాంబు పడిందా? – ఒక పాఠకురాలు, ఆమదాలవలస

జవాబు: అమ్మా, మీ అబ్బాయి రాసినదాంట్లో ఒక్క మాట మార్చాలి. అది కూలిపోలేదు, కూల్చారు. బొబ్బిలితో పోల్చారు కాబట్టి అక్కడి నుంచే చెప్తాను. 1757 జనవరిలో బుస్సీ ఫిరంగులు బొబ్బిలి కోట మీద పేలాయంటే లోపల వెలమ వీరులు కత్తులు పట్టుకుని నిలబడి ఉన్నారు, అది కోట, అక్కడ యుద్ధం జరుగుతోంది. వార్సాలోని ఆ సినగాగ్‌లో, అంటే యూదుల ప్రార్థన మందిరంలో, సైనికులూ లేరు, తుపాకులూ లేవు, అసలు పేల్చేనాటికి లోపల మనుషులే లేరు.

త్వొమాత్స్కె అనే వీధిలో 1875లో కట్టడం మొదలెట్టి మూడేళ్ళలో పూర్తి చేశారు, 1878 సెప్టెంబరు 26న, అంటే యూదుల కొత్త సంవత్సరం పండగ నాడు తలుపులు తెరిచారు. ఆర్కిటెక్ట్ లియాండ్రో మార్కోనీ, ఇటలీ మూలాలున్న కుటుంబం వాడు. ముందు స్తంభాలు, పైన గుమ్మటం, లోపల రెండు వేల మందికి పైగా కూర్చునే చోటు. కాస్త చదువుకున్న, డబ్బున్న యూదులు ఎక్కువగా వెళ్ళేవారు, ప్రసంగాలు పోలిష్ భాషలో నడిచేవి, అది పాతకాలం వాళ్ళకి నచ్చేది కాదనుకోండి. పాడే ఆయన గొంతు కోసమే వచ్చేవాళ్ళు చాలామంది. గెర్షోన్ సిరోటా అని, రికార్డులు కూడా ఇచ్చాడు, ఆ రోజుల్లో పెద్ద స్టార్ కిందే లెక్క. యుద్ధానికి ముందు వార్సాలో యూదులు దగ్గర దగ్గర మూడున్నర లక్షలు, ఊళ్ళో దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరన్నమాట.

1939లో జర్మన్లు వచ్చారు. 1940 నవంబరుకల్లా యూదులందరినీ ఒక మూలకి తోసి గోడ కట్టేశారు, దాన్నే ఘెట్టో అంటారు. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళని కూడా తెచ్చి పడేస్తే ఒక దశలో నాలుగున్నర లక్షల మంది, చోటేమో మూడున్నర చదరపు కిలోమీటర్లు కూడా లేదు. 1942 జులై నుంచి సెప్టెంబరు దాకా రెండున్నర లక్షలకి పైగా జనాన్ని రైళ్ళలో ట్రెబ్లింకా పంపించేశారు, అక్కడికి పంపేది చంపడానికే. మిగిలిన వాళ్ళు ఎలాగూ చావే కదా అని 1943 ఏప్రిల్ 19న తిరగబడ్డారు, పిస్తోళ్ళు, పెట్రోలు సీసాలు తప్ప వాళ్ళ దగ్గర పెద్దగా ఏమీ లేవు, అయినా దాదాపు నెల రోజులు ఆపారు. వాళ్ళని అణచడానికి వచ్చిన అధికారి యూర్గెన్ స్ట్రూప్. ఒక్కో ఇల్లూ తగలబెట్టుకుంటూ పోయాడు. అంతా అయిపోయాక, పని ముగిసిందని చాటుకోవడానికి ఏదైనా ఘనంగా చెయ్యాలి కదా వాడికి, అందుకు ఈ సినగాగ్‌ని ఎంచుకున్నాడు. అప్పటికి ఆ వీధి ఘెట్టో గోడకి అవతల ఉంది, పోరాటంతో దానికి సంబంధమే లేదు. గోడలకి కన్నాలు వేసి మందు దట్టించడానికే రోజులు పట్టింది. మే 16 రాత్రి ఎనిమిదింపావుకి బటన్ నొక్కారు. ఆ టైముతో సహా స్ట్రూప్ తన రిపోర్టులో రాసుకున్నాడు, ఫొటోలు అంటించి తోలు అట్ట వేయించి మరీ, మనవాళ్ళు పెళ్ళి ఆల్బమ్ చేయించుకున్నట్టు. యుద్ధం అయ్యాక కోర్టులో వాడి మీద అదే సాక్ష్యం అయింది, 1952లో వార్సాలోనే ఉరి తీశారు.

సిరోటా కూడా 1943లో ఆ ఘెట్టోలోనే కుటుంబంతో సహా చనిపోయాడు.

ప్రశ్న: సినగాగ్‌లో విగ్రహాలు ఉంటాయా? – నరసన్నపేట

జవాబు: ఉండవు. తోరా అని వాళ్ళ పవిత్ర గ్రంథం, తోలు మీద చేత్తో రాసి చుట్టిన చుట్టలు, వాటిని ఒక బీరువాలాంటి దాంట్లో పెడతారు, సాధారణంగా జెరూసలేం వైపు గోడకి. హీబ్రూలో సినగాగ్‌ని పిలిచే పేరుకి అర్థం జనం కూడే ఇల్లు అని. అందుకే గుడి అనే కంటే గుడీ రచ్చబండా కలిపినది అనుకుంటే దగ్గరగా ఉంటుంది.

ప్రశ్న: ఆ స్థలానికి శాపం ఉందని, అందుకే టవర్ ఏళ్ళ తరబడి పూర్తవలేదని యూట్యూబ్‌లో చూశాను, నిజమా సార్? – చీపురుపల్లి

జవాబు: బాబూ, ఆ కథ వార్సాలో కూడా చెప్పుకుంటారు. ఆ స్థలంలో టవర్ కట్టడం దశాబ్దాలు సాగి 1991లో పూర్తయిన మాట నిజమే. కానీ అప్పటి పోలండ్‌లో ప్రభుత్వమే కట్టించాలి, చేతిలో డబ్బుల్లేవు. మన దగ్గర సగంలో ఆగిపోయిన ఫ్లైఓవర్లన్నిటికీ శాపం అంటగడితే శాపాలు చాలవు.

ప్రశ్న: మన దేశంలో సినగాగ్‌ల మీద ఇలాంటివి జరిగాయా? – రాజాం

జవాబు: ఒకటి చెప్తాను. కొచ్చిలో పరదేశి సినగాగ్ 1568లో కట్టారు. 1662లో డచ్చివాళ్ళు కొచ్చి మీదికి వస్తే అక్కడి యూదులు వాళ్ళ వైపు మొగ్గారని, డచ్చివాళ్ళు వెనక్కి పోగానే పోర్చుగీసువాళ్ళు ఆ కోపం సినగాగ్ మీద తీర్చుకున్నారు. మరుసటి ఏడు డచ్చివాళ్ళు మళ్ళీ వచ్చి ఊరు పట్టుకున్నారు, 1664లో యూదులు సినగాగ్‌ని బాగు చేసుకున్నారు. ఇప్పటికీ ఉంది, నేల మీద నీలం తెలుపు చైనా పలకలు చూసి తీరాలి. అన్నట్టు గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర తెలుగు మాట్లాడే యూదులు ఉన్నారని మీలో ఎంతమందికి తెలుసు?

ప్రశ్న: వార్సాది ఆనవాలు కూడా మిగల్లేదా? – రిటైర్డ్ టీచర్, విజయనగరం

జవాబు: మాస్టారూ, పక్కనే దాని లైబ్రరీ భవనం ఉండేది, పేలుడుకి మంటలు దాంట్లోకి కూడా అంటుకున్నాయి కానీ భవనం నిలబడింది. ఇప్పుడది యూదు చరిత్ర సంస్థ. లోపలికి అడుగు పెట్టగానే హాల్లో నేల రాళ్ళ మీద కాలిన మచ్చలు కనిపిస్తాయి, మార్చకుండా అలాగే వదిలేశారు. ఘెట్టోలో ఉండగా ఇమాన్యుయేల్ రింగెల్‌బ్లుమ్ అనే చరిత్రకారుడు, ఆయన మిత్రులు రహస్యంగా డైరీలు, ఉత్తరాలు, పోస్టర్లు, రేషన్ కార్డులు దొరికినవన్నీ పోగేసి రేకు పెట్టెల్లో, పాల క్యాన్లలో పెట్టి భూమిలో పాతేశారు. పాల క్యాన్ అంటే మన డెయిరీ బండి మీద వెళ్ళేలాంటిదే. పెట్టెలు 1946లో దొరికాయి, క్యాన్లు 1950లో. ఆ కాగితాలు కూడా ఈ భవనంలోనే ఉన్నాయి. 2018లోనూ ఆ తర్వాత కొన్నేళ్ళూ ఏప్రిల్‌లో తిరుగుబాటు రోజుల్లో ఆ నీలం టవర్ మీద సినగాగ్ బొమ్మని లైట్లతో వేసి సిరోటా పాత రికార్డు వినిపించారు.

ఆమదాలవలస అమ్మగారూ, మీ వాడిని ఒకసారి ఆ పక్క భవనంలోకి కూడా వెళ్ళి నేల ఫొటో తీసి పంపమనండి. శనివారం వెళ్ళొద్దని చెప్పండి, మూసి ఉంటుంది.